బెంగళూరులో ఆటిజం ఉన్న పిల్లలు: తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, కె.ఆర్.పురం, బొమ్మనహళ్ళి, ఎలక్ట్రానిక్ సిటీ... ఎటు వెళ్ళినా తెలుగు మాట వినపడుతుంది. ఆటిజం అన్న పేరు చెవిన పడ్డ రోజు మాత్రం ఈ ఊరు ఒక్కసారిగా పరాయిదైపోతుంది. అమ్మమ్మా తాతయ్యా కడపలోనో గుంటూరులోనో ఉంటారు. థెరపిస్టు కన్నడంలో మాట్లాడతారు. రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది. అలాంటి ఇళ్ళ నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు ఇవి.

మా బాబుకు రెండేళ్ళు దాటాయి, మాటలు రాలేదు. "మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే వచ్చాయి" అంటున్నారు ఇంట్లో. ఆగి చూడాలా?

ఆగొద్దు. నాన్నకు నాలుగేళ్ళకు మాటలొచ్చిన సంగతి నిజమే కావచ్చు, దాంతో బాబు సంగతి తేలదు. మాటల కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? చందమామను వేలితో చూపించి, మీరూ చూశారా లేదా అని మీ ముఖం వంక చూస్తాడా? టాటా చెబితే తిరిగి చెబుతాడా? వచ్చిన ఒకటి రెండు మాటలు పోయాయా? పోయి ఉంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది. 0 నుంచి 2 మార్కులు వస్తే ప్రమాదం తక్కువ. 3 నుంచి 7 వస్తే డాక్టరో సైకాలజిస్టో మరికొన్ని ప్రశ్నలు అడిగి నిర్ధారించుకోవాలి. 8, ఆ పైన వస్తే నేరుగా పరీక్షకు పంపిస్తారు. ఇది జల్లెడ మాత్రమే, రోగనిర్ధారణ కాదు. మార్కులు ఎక్కువొచ్చిన పిల్లలందరికీ ఆటిజం ఉండదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

మొదట చెవి పరీక్ష. పిలిస్తే పలకని బిడ్డకు వినికిడి సరిగ్గా ఉందో లేదో తెలియకుండా తక్కినవేవీ తేలవు. చిన్నపిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు చేస్తారు. బెరా చేస్తున్నంతసేపూ బిడ్డ నిద్రలో ఉండాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: బిడ్డ కారులో పడుకుని, ఆస్పత్రి గుమ్మం దగ్గర లేస్తాడు, ఆ రోజు అపాయింట్‌మెంటు పోతుంది. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపండి. దారిలో నిద్రపోనివ్వకుండా వెనక సీట్లో ఒకరు పక్కనే కూర్చోవాలి. మత్తు సిరప్ ఇస్తామంటే ఎన్ని గంటల ముందు నుంచి పాలు, అన్నం ఆపాలో ఫోనులోనే అడిగి పెట్టుకోండి.

ఆ తర్వాత డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ గానీ, పిల్లల సైకియాట్రిస్టు గానీ, క్లినికల్ సైకాలజిస్టు గానీ చూడాలి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. దాని పక్కనే ఇందిరా గాంధీ పిల్లల ఆస్పత్రి. కోరమంగల వైపు వాళ్ళకు సెయింట్ జాన్స్ దగ్గర. వినికిడి, మాటల పరీక్షలకు లింగరాజపురంలో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అది ఒక ట్రస్టు నడిపే సంస్థ. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కూడా మూడు నాలుగు గంటల దూరమే. పరీక్ష తెలుగులోనే జరగాలనుకుంటే, సెలవులకు ఊరెళ్ళినప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యమున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మంచి దారి.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళాల్సినవి: టీకాల కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, చెవి రిపోర్టు, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు నడిచాడు, మొదటి మాట ఏది అన్నది రాసుకున్న ఒక పేజీ. వీటికి తోడు ఫోనులో రెండేసి నిమిషాల వీడియోలు నాలుగు తీసుకోండి: ఒంటరిగా ఆడుకుంటూ, పేరు పిలిచినప్పుడు, అన్నం తినేటప్పుడు, ఇతర పిల్లల మధ్య. కొత్త గదిలో బిడ్డ ఏడుస్తూ ఉంటే డాక్టరుకు ఏమీ కనపడదు. వీడియోలో ఇల్లు కనపడుతుంది.

రిపోర్టు వచ్చేదాకా ఏమీ చేయలేమా?

చేయొచ్చు, చేయాలి. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి ఆటిజం అన్న పేరు ఖాయం కానక్కర్లేదు, మాటలు ఆలస్యం కావడమే చాలు. ఇంట్లో చేయాల్సింది తర్వాతి జవాబులో ఉంది.

థెరపిస్టుకు తెలుగు రాదు. "ఇంట్లో ఒక్క భాషే, అదీ ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. మానేయాలా తెలుగు?

మానొద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లలు, ఒకే భాష వినే ఆటిజం పిల్లల కంటే వెనకబడటం లేదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెబుతూ వచ్చాయి. తెలుగు మానేసిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. అమ్మకు ఇంగ్లీషులో వాక్యం కూడబలుక్కోవాల్సి వస్తుంది, అందుకని మాట తగ్గుతుంది. లాలిపాట పోతుంది. వీడియో కాల్‌లో తాతయ్య ఏమనాలో తెలియక ఫోను పక్కన పెట్టేస్తారు. ఒక భాష మిగులుతుందనుకున్న చోట బిడ్డ చెవిన పడే మాటలే కరువవుతాయి.

లెక్క కూడా చూడండి. వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు: మొత్తం గంటన్నర. బిడ్డ మెలకువగా ఉండేది వారానికి 80 గంటల పైమాటే. ఆ 80 గంటలూ మీ భాషలో గడుస్తాయి.

థెరపిస్టుకు తెలుగు రాకపోయినా పని జరుగుతుంది. బిడ్డకు రోజూ పనికొచ్చే 30 తెలుగు మాటల జాబితా రాసి, పక్కన కన్నడ అర్థం పెట్టి ఇవ్వండి: కావాలి అంటే బేకు, వద్దు అంటే బేడ, చాలు అంటే సాకు, రా అంటే బా. కన్నడం తెలిసినవాళ్ళకు ఇది ఒక రోజు పని. సెషన్లో ఆ తెలుగు మాటలే వాడమని అడగండి. మంచి థెరపిస్టులు సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇంట్లో మాట్లాడే పద్ధతిలో నాలుగు విషయాలు.

బిడ్డ నోట రావాల్సిన మాటనే మీరు అనండి. మనం "నీళ్ళు కావాలా?" అని అడుగుతాం. విన్నది విన్నట్టు తిరిగి అనే పిల్లలు దాహమేసినప్పుడు మన దగ్గరికొచ్చి "నీళ్ళు కావాలా?" అంటారు. వాడు మనల్ని అడగడం లేదు, తనకు కావాలని చెబుతున్నాడు. గ్లాసు చేతికిస్తూ "నీళ్ళు కావాలి" అనండి, ప్రశ్న సాగదీయకుండా. రోజుకు ఇరవైసార్లు విన్న తీరే వాడి తీరవుతుంది.

"ఇదేంటి? అదేంటి? చెప్పు నాన్నా" అన్న పరీక్షలు తగ్గించండి. ఒక ప్రశ్న అడిగితే ఐదుసార్లు ఊరికే చెప్పండి: "బంతి. బంతి పడింది. బంతి పోయింది."

చెప్పాక ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు మెదపొద్దు. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. జవాబు ఏడో అంకె దగ్గర వచ్చే బిడ్డకు మూడో అంకె దగ్గరే మనం ఇంకో ప్రశ్న వేసేస్తాం, వాడు మళ్ళీ మొదటికొస్తాడు.

బువ్వ, జోజో, టాటా లాంటి మాటలను చిన్నచూపు చూడొద్దు. రెండక్షరాలు, అవే తిరిగి తిరిగి వచ్చే శబ్దాలు, నోరు తిరగడం మొదలయ్యే పిల్లలకు ఇంత అనువైనవి ఇంకొకటి లేవు. మన ముసలమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు.

బొమ్మల కార్డులు, ట్యాబు అలవాటు చేస్తే ఇక నోరు విప్పడేమో?

ఈ భయం వల్ల ఏళ్ళు పోతాయి. కార్డులతో చెప్పడం నేర్చిన పిల్లల్లో మాట ఆగిపోవడం కనపడలేదు, కొందరిలో పెరిగింది కూడా. కావాల్సింది చెప్పగలిగిన బిడ్డ తల గోడకు కొట్టుకోవడం తగ్గిస్తాడు.

ఆరు కార్డులతో మొదలుపెట్టండి: నీళ్ళు, బువ్వ, ఊయల, బయటికి, ఇంకా, వద్దు. మీ ఇంటి గ్లాసు, మీ పార్కు ఊయల ఫోటోలే తీసి అచ్చు వేయించి లామినేషన్ చేయించండి. బిడ్డ కళ్ళకు అందే ఎత్తులో, ఫ్రిజ్ మీదో తలుపు మీదో వెల్‌క్రోతో అంటించండి. కార్డు ఇచ్చిన వెంటనే ఆ వస్తువు చేతికి రావాలి. పని చేయలేదనే ఇళ్ళలో మూడు పొరపాట్లు కనపడతాయి: కార్డులు బీరువాలో ఉంటాయి, "ఏది ఆపిల్, చూపించు" అని పరీక్షకే వాడతారు, "వద్దు" కార్డు అసలు ఇవ్వరు.

ఫోనులో అయితే ఐఐటీ బాంబే తయారుచేసిన జెల్లో అనే యాప్ ఉచితం. చెన్నైలో పుట్టిన ఆవాజ్ యాప్‌కు డబ్బు కట్టాలి, ముందు ట్రయల్ వేసుకుని గొంతు బిడ్డకు నచ్చిందో లేదో చూడండి. ఆ ట్యాబులో యూట్యూబ్ ఉండకూడదు. ఉంటే అది మాట్లాడే పరికరం కాకుండా పోతుంది.

థెరపీ సెంటరు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఆ మండలి వెబ్‌సైట్లో పేరు సరిచూసుకోవచ్చు. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ మండలి కింద ఉండరు, వాళ్ళను డిగ్రీ, వాళ్ళ సంఘం సభ్యత్వం అడగాలి. గోడ మీద బోర్డులో డాక్టరు పేరుండి, లోపల బిడ్డతో కూర్చునేది నిన్న చేరిన ట్రైనీ కావడం మామూలే. కాబట్టి "మా బాబుతో కూర్చునేది ఎవరు?" అని అడగండి.

మూడు నెలలకు లక్ష్యాలు కాగితం మీద ఇవ్వాలి, కొలవగలిగేలా ఉండాలి. "కమ్యూనికేషన్ మెరుగుపరచడం" లక్ష్యం కాదు. "అడగకుండానే రోజుకు ఐదుసార్లు ఇంకా కార్డు ఇవ్వడం" లక్ష్యం. తల్లిదండ్రులు లోపల కూర్చోకూడదు, సీసీ కెమెరా కూడా లేదు అనే చోటు నుంచి వచ్చేయండి. బిడ్డ ఏడుపు తలుపు బయటికి వినపడుతుంటే "అలవాటవుతుంది" అన్న మాట నమ్మొద్దు. ఏడాదికి డబ్బు ముందే కట్టించుకునే ప్యాకేజీ వద్దు, నెల నెలా కట్టండి.

తల్లిదండ్రులకే నేర్పించే చోట్లు వెతికితే డబ్బు కూడా కలిసొస్తుంది. బెంగళూరులోనే పుట్టిన కమ్యూనికేషన్ డీల్ పద్ధతి ఆరేళ్ళలోపు పిల్లల కోసం, అందులో తల్లికి పని ఉంటుంది. ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఆటిజం పిల్లలతోనూ పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల కోసం తయారుచేసిన శిక్షణలో 9 గ్రూప్ తరగతులు, 3 ఇంటి సందర్శనలు ఉంటాయి. అది ఎక్కడైనా నడుస్తోందా అని నిమ్హాన్స్ వాళ్ళను అడగండి.

స్టెమ్ సెల్ ఎక్కిస్తే నయమవుతుందని చెబుతున్నారు. పొలం అమ్మైనా చేయిద్దామనుకుంటున్నాం.

దయచేసి అమ్మొద్దు. జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక బోర్డు ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయబోమని 2022లోనే తేల్చింది. ఒంట్లో లోహాలు తీసేస్తామనే చెలేషన్ వల్ల పిల్లల ప్రాణాలే పోయాయి. మందుల విషయానికొస్తే, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి తీవ్రమైన చిరాకును, తనను తాను కొట్టుకోవడాన్ని తగ్గించడానికి సైకియాట్రిస్టు రాస్తారు. మాటలు రప్పించే మందు లేదు. టీకాల వల్ల ఆటిజం రాదు. ఆ ప్రచారానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని ప్రచురించిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది.

వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడదా?

అది బీరువాలో ఉండే కాగితం, నొసటి మీద రాత కాదు. ఎవరికి చూపించాలో మీ ఇష్టం. లేకపోతే బీమా, పన్ను మినహాయింపు, పరీక్షల్లో అదనపు సమయం ఏవీ రావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆ పైన ఉంటేనే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి.

ముందు కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ, అంటే వైకల్య గుర్తింపు కార్డు, పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. ఫోటో, ఆధార్, చిరునామా రుజువు, ఉన్న రిపోర్టులు ఎక్కించి, ఆస్పత్రిని ఎంచుకుని, వాళ్ళు రమ్మన్న రోజు బిడ్డతో వెళ్ళాలి. అక్కడ ఐసా అనే భారతీయ కొలమానంతో చూస్తారు: 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆ పైన తీవ్రం. తల్లి చెప్పే మాటల మీదే మార్కులు చాలావరకు ఆధారపడతాయి. బిడ్డను తక్కువ చేసి చెప్పలేక "చేస్తాడండీ, అప్పుడప్పుడూ" అంటాం. ఎవరి సాయమూ లేకుండా, రోజూ చేస్తాడా అన్నదే అక్కడి ప్రశ్న. దానికే జవాబివ్వండి.

తెలుగువాళ్ళ దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆస్పత్రి ఫైల్లో ఒక్క పొడి అక్షరంగా చివర ఉంటుంది, బర్త్ సర్టిఫికెట్‌లో అసలే ఉండదు. దరఖాస్తుకు ముందే మూడూ ఒకేలా చేయించుకోండి. చిన్నపిల్లలకు ఇచ్చేది సాధారణంగా గడువున్న పత్రం. గడువు తేదీకి మూడు నెలల ముందు ఫోనులో గుర్తు పెట్టుకోండి.

మా ఆధార్ ఇంకా ఆంధ్రా చిరునామాతో ఉంది. ఎక్కడ పెట్టాలి?

ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది, కాబట్టి ఎక్కడ తీసుకున్నా నష్టం లేదు. తేడా వచ్చేది పెన్షన్ దగ్గర. అది రాష్ట్రానిది, ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 6,000. కుటుంబం బెంగళూరులో స్థిరపడి ఉంటే కర్ణాటక చిరునామాకే మారి, ఇక్కడి పథకాలకు పెట్టుకోండి. రెండు చోట్లా తీసుకుంటే తర్వాత తిరిగి కట్టమంటారు.

ఖర్చులు తగ్గే దారులేమైనా ఉన్నాయా?

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష వరకు కవరేజీ ఉంది. ముందస్తు వైద్య పరీక్షలు లేవు, థెరపీ ఖర్చులకూ కొంత పరిమితి వరకు వస్తుంది. చేరడానికి 500, పేద కుటుంబాలకు 250. పాలసీ ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. జనవరిలో చేరితే మిగిలేది మూడు నెలలే. బిల్లులు అసలువి కావాలి, సెంటరు చేతిరాత చీటీలు చెల్లవు.

ఆదాయపు పన్నులో, 1961 చట్టం లెక్కన 80డీడీ సెక్షన్ కింద 75,000 మినహాయింపు, 80 శాతం, ఆ పైన వైకల్యముంటే 1,25,000. ఎంత ఖర్చయిందన్న దానితో సంబంధం లేదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే ఇది. ఆటిజానికి ఫారం 10-ఐఏ ప్రత్యేకంగా కావాలి, యూడీఐడీ కార్డు ఒక్కటే పెట్టి వదిలేస్తే నోటీసు రావొచ్చు. 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు శిశు సంరక్షణ సెలవు 730 రోజులు, వైకల్యమున్న బిడ్డ విషయంలో వయసు పరిమితి లేదు.

స్కూలు వాళ్ళు "మా దగ్గర సౌకర్యాలు లేవు" అంటున్నారు.

ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది. 40 శాతం, ఆ పైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. సర్కారు బడిలో చేరిస్తే బ్లాకు స్థాయిలో బీఐఈఆర్‌టీ అనే సమ్మిళిత విద్య ఉపాధ్యాయులు ఉంటారు. బ్లాకు విద్యాధికారి (బీఈఓ) కార్యాలయంలో అడగండి. నిరాకరణపై రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయొచ్చు. అయితే గొడవపడి చేర్పించిన బడిలో బిడ్డ రోజంతా ఉండాలి. ఫిర్యాదుకు ముందు ఒప్పుకునే హెడ్మాస్టరు కోసం నాలుగు బడులు తిరగడం మేలు.

సీబీఎస్ఈలో రెండు భాషల బదులు ఒకటే చదవొచ్చు, 3 గంటల పరీక్షకు గంట అదనం ఇస్తారు. తొమ్మిదో తరగతి నమోదుకు ముందే అడగాలి, పదిలో హడావుడిగా అడిగితే కుదరదు. ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూలులో పదో తరగతిని ఐదు సబ్జెక్టులతో, తెలుగు మాధ్యమంలో కూడా రాయొచ్చు.

క్లాసు టీచరుకు ఒకే పేజీ రాసివ్వండి: ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, బాత్రూమ్ కావాలంటే ఏం చేస్తాడు, ఏడుపు మొదలైతే ఏది శాంతపరుస్తుంది. అదే పేజీ కన్నడంలో ఆయాకూ వ్యాను డ్రైవరుకూ ఇవ్వండి. టీచరు కంటే వాళ్ళకే ఎక్కువ అక్కర.

క్షణంలో బయటికి పరిగెడతాడు. ఏం చేయాలి?

మొట్టమొదట సంపు మూతకు తాళం వేయండి. అద్దె ఇల్లయితే ఓనరును అడిగి ఈ రోజే. ఆటిజం పిల్లలు చాలామంది నీళ్ళవైపు వెళతారు, ఈ ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మం ముందూ సంపు ఉంటుంది. వీధి తలుపుకు బిడ్డకు అందని ఎత్తులో గడియ, తెరిస్తే మోగే చిన్న అలారం, చేతికి ఫోను నంబరున్న కడియం పెట్టండి. వాచ్‌మన్‌కు ఫోటో ఇవ్వండి. తప్పిపోతే మొదట నీళ్ళున్న చోట్లు వెతకాలి: సంపు, ఈతకొలను, చెరువు. అదే సమయంలో ఒకరు 112కు ఫోను చేయాలి. ఈత నేర్పించడం వాయిదా వేయొద్దు.

ఊళ్ళో పెద్దవాళ్ళు దిష్టి అంటారు, నా పెంపకం అంటారు. తట్టుకోలేకపోతున్నాను.

మీ పెంపకం వల్ల ఆటిజం రాదు. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల బిడ్డకు చెడు లేదు. ఆ పేరుతో థెరపీ ఆపమంటే మాత్రం ఒప్పుకోవద్దు. పెద్దవాళ్ళకు పని ఇస్తే మాట మారుతుంది: రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఒకే పాట, ఒకే ఆట, అదే వేళకు.

నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆటిజం సొసైటీ ఆఫ్ ఇండియా తల్లిదండ్రులు నడిపేది, వాళ్ళ ద్వారా మీ పేటలో ఇంకో ఇల్లు దొరుకుతుంది. ఒక్క ఇల్లు దొరికినా చాలు.

పద్దెనిమిదేళ్ళు నిండాక?

చట్టం దృష్టిలో బిడ్డ మేజరు. తల్లిదండ్రుల సంతకం దానంతటదే చెల్లదు, బ్యాంకులో మొదట ఇబ్బంది వస్తుంది. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. అయితే మాట్లాడి, అర్థం చేసుకుని, తన పనులు తాను నిర్ణయించుకోగలిగిన పిల్లలకు అది అక్కర్లేదు. వాళ్ళ పేరునే ఖాతా తెరిపించి, ఏటీఎం దగ్గర పక్కన నిలబడి నేర్పించండి. ఉద్యోగ శిక్షణకు కోరమంగలలోని ఎనేబుల్ ఇండియాను సంప్రదించొచ్చు. అక్కడికి వెళ్ళడానికి ముందు సొంతంగా స్నానం, బస్సు ఎక్కడం, వేళకు తయారవడం రావాలి. వాటిని పన్నెండో ఏట నుంచే మొదలుపెడితే ఆరేళ్ళు చేతిలో ఉంటాయి.